ఇంటి డిష్ కేబుల్‌కు కనెక్టర్లు మనమే వేసుకోవాలంటే తక్కువ ధరలో ఏ పనిముట్లు కొనాలి?

ప్రశ్న: డాబాఇల్లు (నరసాపురం)

అందరికీ నమస్కారం. మాది రెండంతస్తుల డాబా ఇల్లు. డాబా మీద డీడీ ఫ్రీ డిష్ యాంటెనా ఉంది. దాని నుంచి ఆర్జీ-6 రకం డిష్ కేబుల్ గోడ వెంట దిగి కింది హాల్లోని సెట్‌టాప్ బాక్సుకు వస్తుంది. సముద్రపు గాలి తగిలే ఊరు కావడం వల్ల ఎల్‌ఎన్‌బీ (డిష్ చేతి కొసన సిగ్నల్ అందుకునే పరికరం) దగ్గర బిగించిన ఎఫ్ కనెక్టరు (కేబుల్ కొసకు వేసే మర బిరడా) వానాకాలం దాటేసరికి చిలుము పట్టి ఆకుపచ్చగా మారిపోతోంది. నాలుగు చినుకులు పడగానే బొమ్మ గడులు గడులుగా విరిగిపోవడం, ఆ తర్వాత సిగ్నల్ లేదన్న అక్షరాలు తెర మీదకు రావడం మా ఇంట్లో మామూలైపోయింది. పిలిస్తే వచ్చే మెకానిక్ పాత కనెక్టరును కత్తిరించి, కేబుల్ కొసను బ్లేడుతో చెక్కి, అలాంటిదే మరొకటి చేత్తో తిప్పి బిగించి, డబ్బు తీసుకుని వెళ్తారు. ఏడాది తిరగకముందే మళ్ళీ అదే తంతు.

ఇప్పుడు పై అంతస్తులో అమ్మానాన్నల గదిలో కూడా మరో బాక్సు పెట్టాలనుకుంటున్నాము. ఎలాగూ కొత్త కేబుల్ లాగాలి కాబట్టి ఈసారి కనెక్టర్లు నేనే వేసుకుందామని ఆలోచన. ఆన్‌లైన్‌లో వెతికితే మూడు రకాలు కనిపిస్తున్నాయి. మొదటిది ఏ పనిముట్టూ అక్కర్లేకుండా చేత్తో తిప్పి బిగించే కనెక్టరు. రెండవది పొడవాటి పిడులతో, ఆరు పలకల రంధ్రాలతో ఉండి కనెక్టరును చుట్టూ నొక్కే క్రింపింగ్ టూల్. మూడవది కనెక్టరును వెనక నుంచి తోసి బిగించే కంప్రెషన్ టూల్, కేబుల్ కొస ఒలిచే స్ట్రిప్పర్, కొన్ని కనెక్టర్లు ఒకే సంచిలో పెట్టి వెయ్యి రూపాయల లోపు అమ్ముతున్న సెట్టు. మూడవదాని కింద అభిప్రాయాలు చదివితే ఒకరు అద్భుతమంటారు, మరొకరు మొదటి రోజే పాడైందంటారు.

నా సందేహమల్లా ఇంటి మట్టుకు, మహా అయితే పదీ పదిహేను కనెక్టర్లు వేసుకునేవారికి డబ్బు దేని మీద పెట్టడం న్యాయం, దేని మీద తగ్గించుకోవచ్చు అన్నదే. చేతిపని కొంత అలవాటే. కటింగ్ ప్లేయరు, స్క్రూడ్రైవర్లు, మామూలు మల్టీమీటరు ఇంట్లో ఉన్నాయి. అనుభవం ఉన్న పెద్దలు చెప్పగలరని మనవి.

సమాధానం: కేబుల్ పాతకాపు (ఖమ్మం)

డాబాఇల్లు గారికి నమస్కారం. కేబుల్ టీవీ పనిలో చాలాకాలం గడిపినవాడిని కాబట్టి ముందుగా నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ బడ్జెట్‌లో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది కంప్రెషన్ టూల్ మీద కాదు, స్ట్రిప్పర్ మీద, కేబుల్‌కు సరిపోయే కనెక్టర్ల మీద. చాలామంది పిడి ఎంత బరువుగా ఉందో, నొక్కితే ఎంత గట్టిగా పడుతోందో చూసి టూల్ కొంటారు. అయితే అది చేసే పని ఒక్కటే: కనెక్టరు వెనక ఉన్న గొట్టాన్ని నిటారుగా లోపలికి తోయడం. నిటారుగా తోయగలిగితే, తోసే దూరాన్ని మరతో సరిచేసుకునే వీలుంటే, అయిదారు వందల టూల్ అయినా ఇంటికి ధారాళంగా చాలు. కేబుల్ కొస సరిగ్గా ఒలవకపోతే మాత్రం ఎంత ఖరీదైన టూల్ తెచ్చినా ఆ కనెక్టరు నిలవదు.

కొస ఒలవడంలో మెలకువ ఏమిటో చెప్పాలంటే ఆర్జీ-6 లోపల ఏముందో చూడాలి. మధ్యలో సుమారు 1 మిల్లీమీటరు మందం గల తీగ, దాని చుట్టూ దాదాపు 4.6 మిల్లీమీటర్ల వ్యాసంలో తెల్లటి ఫోమ్, దానికి అంటుకుని ఉన్న అల్యూమినియం రేకు, ఆ పైన సన్నటి తీగల జాలీ, అన్నిటి మీదా దాదాపు 7 మిల్లీమీటర్ల వ్యాసంలో నల్లటి తొడుగు ఉంటాయి. ఎఫ్ కనెక్టరులో విడిగా పిన్ను ఉండదు; కేబుల్ మధ్య తీగే పిన్నుగా పనిచేస్తుంది. కనెక్టరు అంత చవకగా దొరకడానికి కారణమూ అదే, కొస ఒలిచేటప్పుడు అంత జాగ్రత్త కావలసి రావడానికి కారణమూ అదే. మన బజారులో దొరికే కేబుళ్ళలో ఎక్కువ భాగం మధ్య తీగ పూర్తి రాగి కాదు, రాగి పూత పూసిన ఉక్కు తీగ. బ్లేడుతో చెక్కినప్పుడు ఆ పూత మీద గీత పడిందంటే లోపలి ఉక్కు బయటపడుతుంది. నరసాపురం గాలికి అది తుప్పు పట్టడానికి ఎంతో కాలం అక్కర్లేదు.

అందువల్ల కేబుల్ చుట్టూ తిప్పే రకం స్ట్రిప్పర్ తీసుకోండి. బట్టల క్లిప్పులా నోరు తెరుచుకుని, లోపల రెండు బ్లేడులతో ఉండే ప్లాస్టిక్ పనిముట్టు అది. ధర సుమారు నూట యాభై నుంచి రెండు వందల యాభై రూపాయల మధ్య ఉంటుంది. కొనేటప్పుడు రెండు విషయాలు చూడాలి. బ్లేడుల లోతును చిన్న అలెన్ కీతో సరిచేసే మరలు ఉండాలి. ఆ కీ డబ్బాలోనే రావాలి, ఎందుకంటే అంత సన్నటి కీ బయట విడిగా వెతుక్కోవడం తలనొప్పి. కేబుల్ ఆనే దిమ్మ తీసి తిప్పి పెట్టుకునేలా ఉంటే సన్నటి రకమైన ఆర్జీ-59కి, ఆర్జీ-6కి ఒకవైపు, లావుపాటి ఆర్జీ-11కి మరోవైపు పనికొస్తుంది.

కొత్త స్ట్రిప్పర్ రాగానే అసలు కేబుల్ మీద ప్రయోగించకండి. అడుగు పొడవు తుంట మీద పెట్టి నాలుగైదు సార్లు తిప్పి, లాగి, కొసను ఎండలో పట్టుకుని పరీక్షగా చూడండి. ఒక బ్లేడు ఫోమ్‌తో సహా అన్నిటినీ కోసి మధ్య తీగకు వెంట్రుకవాసి దూరంలో ఆగిపోవాలి. రెండవ బ్లేడు పై తొడుగును మాత్రమే కోసి జాలీని తాకీ తాకనట్టు వదిలేయాలి. తీగ మీద ఉంగరంలా మెరిసే గీత కనిపిస్తే మొదటి బ్లేడు మరను పావు చుట్టు వెనక్కి తిప్పండి. జాలీ తీగలు తొడుగుతో పాటు రాలిపోతుంటే రెండవదాన్ని వెనక్కి తిప్పండి. ఈ సర్దుబాటు ఒక్కసారి కుదిరితే అదే రకం కేబుల్ వాడినంతకాలం మళ్ళీ ముట్టుకోనక్కర్లేదు.

సరిగ్గా ఒలిచిన కొసలో ఆరు మిల్లీమీటర్లకు కాస్త పైచిలుకు మధ్య తీగ, దాని వెనక అంతే పొడవున రేకు చుట్టిన ఫోమ్ కనిపిస్తాయి. జాలీ తీగలన్నిటినీ వెనక్కి మడిచి తొడుగు మీద సమంగా పరవాలి. ఒక్క పోగు ముందుకు మిగిలి మధ్య తీగను తాకినా షార్ట్ అవుతుంది. డిష్ విషయంలో ఇది కేవలం బొమ్మ పాడయ్యే సంగతి కాదు. సెట్‌టాప్ బాక్సు ఇదే కేబుల్ ద్వారా ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు పంపుతుంది కాబట్టి షార్ట్ అయితే బాక్సు సరఫరా మీదే భారం పడుతుంది. ఫోమ్‌కు అంటుకుని ఉన్న రేకును మాత్రం పీకవద్దు. ఆ తర్వాత కనెక్టరును కొంచెం అటూ ఇటూ మెలితిప్పుతూ గట్టిగా తోయండి. నట్టులోంచి చూస్తే తెల్లటి ఫోమ్ లోపలి అంచుకు సమానంగా కనబడాలి. చాలామంది చేతులు ఇక్కడే బద్ధకిస్తాయి. ఫోమ్ రెండు మిల్లీమీటర్లు వెనకే ఉండగా టూల్ నొక్కేస్తే, చూడటానికి బాగానే ఉన్నా లాగితే ఊడి వచ్చే కనెక్టరు తయారవుతుంది. మధ్య తీగ నట్టు అంచు కంటే రెండు మిల్లీమీటర్ల వరకు బయటికి వస్తే చాలు. ఎక్కువైతే కత్తిరించండి, లేకుంటే బాక్సు లోపలి సాకెట్టును పొడుస్తుంది.

ఇక ఆరు పలకల క్రింపింగ్ టూల్ గురించి. ఆర్జీ-6 ఎఫ్ కనెక్టరుకు 8.2 మిల్లీమీటర్ల అచ్చు, నాలుగు పొరల రక్షణ ఉన్న లావు కేబుల్ కనెక్టరుకు 9.1 మిల్లీమీటర్ల అచ్చు కావాలి. మీరు కొన్న కనెక్టరు ఏ కొలతదో దుకాణదారుకే తెలియని చోట ఆ టూల్ మీద డబ్బు పెట్టడం నాకు సబబనిపించదు. అది ఆరు వైపులా నొక్కుతుంది గానీ పలకల మూలల్లో సందులు మిగులుతాయి. నీరు దూరడానికి ఆ సందు చాలు. కంప్రెషన్ కనెక్టరు చుట్టూ సమంగా బిగుసుకుంటుంది. డాబా మీది కొసలకు దాన్ని మించింది లేదు.

సమాధానం: కోఠీ కస్టమర్ (హైదరాబాద్)

పాతకాపు గారు చెప్పినదానితో సాంకేతికంగా నాకు పేచీ లేదు కానీ, ఖర్చు లెక్క వేరే విధంగా చూడాలని నా మనవి. ప్రశ్న అడిగినవారికి నికరంగా ఎన్ని కొసలున్నాయి? పాత కేబుల్‌కు రెండు, కొత్త కేబుల్‌కు రెండు. వీటిలో డాబా మీద ఎండకూ వానకూ ఉండేవి రెండే. గదుల్లోని రెండు కొసలకు మంచి ఇత్తడితో చేసిన, చేత్తో తిప్పే కనెక్టరు జాగ్రత్తగా వేస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. దాన్ని అంతగా తీసిపారేయాల్సిన పనిలేదు. లోపలి మరలు తొడుగును పట్టుకునేంత బిగువు ఉండాలి, అంతే. వేళ్ళతో సులువుగా చివరిదాకా తిరిగిపోయిందంటే అది వదులుగా ఉన్నట్టు; పట్టుకారుతో కొంచెం బలం పెడితేనే ఎక్కిందంటే సరిగ్గా ఉన్నట్టు.

మిగిలిన రెండు కొసల కోసం వెయ్యి రూపాయల సెట్టు కొనాలా అంటే, మీరు అన్నట్టు మున్ముందు పదీ పదిహేను కనెక్టర్లు వేసే పని ఉంటేనే కొనండి. లేకపోతే రెండు వైపులా కనెక్టర్లు బిగించి అమ్మే తయారు కేబుళ్ళు ఉన్నాయి. పది, ఇరవై మీటర్ల పొడవుల్లో దొరుకుతాయి. హైదరాబాదులో కోఠీ గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో మనం అడిగిన పొడవు కోసి మన ఎదుటే కంప్రెషన్ కనెక్టర్లు వేసి ఇచ్చేవారున్నారు. భీమవరం, రాజమండ్రి లాంటి చోట సీసీటీవీ సామాను అమ్మే దుకాణంలో అడిగి చూడండి. వాళ్ళ దగ్గర టూల్ ఎలాగూ ఉంటుంది. అయితే గోడలోని పైపుల గుండా లాగాల్సిన కేబుల్‌కు ఈ పద్ధతి కుదరదు. కనెక్టరుతో సహా పైపులోంచి దూరడం కష్టం. అలాంటి చోట కొస మన ఇంట్లోనే వేయాలి.

పనిముట్ల కంటే ముందు తేల్చుకోవలసిన సంగతి మరొకటి ఉంది. రెండవ బాక్సు కోసం పాత కేబుల్‌కు మధ్యలో స్ప్లిటర్ (సిగ్నల్‌ను రెండుగా పంచేది) తగిలిద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి. బాక్సు తనకు కావలసిన చానల్‌ను బట్టి 13 వోల్టులో, 18 వోల్టులో పంపి ఎల్‌ఎన్‌బీని నిలువు తరంగాలకో, అడ్డ తరంగాలకో మారుస్తుంది. రెండు బాక్సులు ఒకే తీగ మీద చెరొక ఆజ్ఞ ఇస్తే ఎల్‌ఎన్‌బీ ఒకరి మాటే వింటుంది. పైగా కేబుల్ టీవీ కోసం తయారైన చవక స్ప్లిటర్లు సుమారు 1000 మెగాహెర్ట్జ్ వరకే పనిచేస్తాయి. డిష్ నుంచి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది. రెండు నోళ్ళున్న ట్విన్ ఎల్‌ఎన్‌బీ తెచ్చి ఒక్కో బాక్సుకు ఒక్కో కేబుల్ విడిగా దింపడమే సరైన పని. అప్పుడు కొసల సంఖ్య పెరగదు, మధ్యలో జాయింట్లూ ఉండవు.

ప్రశ్న అడిగినవారి అదనపు సందేహం: డాబాఇల్లు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ట్విన్ ఎల్‌ఎన్‌బీ మాట బాగుంది. కొత్త కేబుల్‌ను పైపులోంచే లాగాలి కాబట్టి టూల్ కొనక తప్పేటట్టు లేదు. మరో రెండు సంగతులు అడగాలి. మా వీధి గుమ్మం దగ్గర రెండు సీసీటీవీ కెమెరాలు ఉన్నాయి. వాటి బీఎన్‌సీ (కెమెరా కేబుల్ కొసకు వేసే మరో రకం) కనెక్టర్లకు కూడా ఇదే టూల్ పనికొస్తుందా? ఇక కేబుల్ మీద ఆర్జీ-6 అని అచ్చు వేసి ఉన్నా, ఒక్కో కంపెనీది చేతికి ఒక్కో లావు తగులుతోంది. కనెక్టర్లు ఆన్‌లైన్‌లో తెప్పిస్తే సరిపోతాయో లేదో ముందే తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా?

సమాధానం: బెజవాడ కెమెరా (విజయవాడ)

సీసీటీవీ బిగించే పని మాది కాబట్టి మొదటి సందేహానికి నేను జవాబిస్తాను. కంప్రెషన్ టూల్ కొనేటప్పుడు ఎఫ్, బీఎన్‌సీ, ఆర్‌సీఏ (టీవీ ఆడియో, వీడియో తీగలకు వేసేది) అనే మూడింటికీ పనికొస్తుందని రాసి ఉన్నదాన్నే ఎంచుకోండి. ధరలో పెద్ద తేడా ఉండదు. వాటిలో ముందు దిమ్మ మార్చుకునే వీలు గానీ, తోసే కడ్డీ పొడవు మరతో పెంచి తగ్గించుకునే వీలు గానీ ఉంటుంది. ఎఫ్ కనెక్టరు పొట్టిది, బీఎన్‌సీ పొడుగుది. కాబట్టి ఒకదాని కోసం అమర్చిన టూల్‌లో రెండవదాన్ని అలాగే పెట్టి నొక్కితే కనెక్టరు నలిగిపోతుంది, లేదా సగమే బిగుస్తుంది. చవక టూల్ మొదటి రోజే పాడైందని రాసేవారిలో చాలామంది ఈ మరను ముట్టుకోకుండానే పిడి మీద బలమంతా ప్రయోగించినవారై ఉంటారని నా అనుమానం. పిడి చివరిదాకా మూసుకునేసరికి కనెక్టరు వెనక గొట్టం పూర్తిగా లోపలికి వెళ్ళి అంచు ఆనాలి. రెండు చేతులూ పెట్టి మూయాల్సి వస్తోందంటే మర ఎక్కువ బయటికి ఉన్నట్టు. తేలిగ్గా మూసుకుని గొట్టం ఇంకా బయటే ఉందంటే తక్కువ ఉన్నట్టు.

అయితే మీ కెమెరాల దగ్గర ఏ కేబుల్ ఉందో ముందు చూసుకోండి. మన ప్రాంతంలో ఇళ్ళకు ఎక్కువగా వాడేది త్రీ ప్లస్ వన్ కేబుల్. ఒకే తొడుగులో వీడియో కోసం సన్నటి కోయాక్సియల్ (డిష్ కేబుల్ లాగే మధ్య తీగ, చుట్టూ జాలీ ఉన్నది), పవర్, ఆడియోల కోసం మూడు విడి తీగలు ఉంటాయి. ఆ లోపలి కోయాక్సియల్ ఆర్జీ-59 కంటే కూడా సన్నం. దాని మీద మామూలు కంప్రెషన్ కనెక్టరు పట్టదు. స్క్రూ బిగించే బీఎన్‌సీ గానీ, సోల్డర్ చేసే బీఎన్‌సీ గానీ, తోకలాగా చిన్న తీగ తగిలించి వచ్చే రకం గానీ దానికి దారి. విడిగా ఆర్జీ-59 గానీ, ఆర్జీ-6 గానీ లాగి ఉంటే మాత్రం మీ కొత్త టూల్ నిక్షేపంగా పనిచేస్తుంది. ఆ కేబుల్‌కు తగిన కనెక్టరు తెచ్చుకుంటే చాలు.

రెండవ సందేహం అందరికీ వచ్చేదే. పేరు చూసి కాకుండా కొలత చూసి కొనడమే దానికి మార్గం. వెర్నియర్ కాలిపర్ ఉంటే సరి. స్కూలు పిల్లల ప్లాస్టిక్ కాలిపర్ అయినా ఫర్వాలేదు. తొడుగు మీద కాదు, రేకు చుట్టిన ఫోమ్ మీద కొలవండి. కనెక్టరు లోపలి సన్నటి గొట్టం దూరాల్సింది ఆ రేకుకూ జాలీకీ మధ్యనే కాబట్టి అక్కడి కొలతే అసలైనది. 4.6 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటే అది నిజమైన ఆర్జీ-6. దాదాపు 3.7 ఉంటే తొడుగు మీద ఏమి అచ్చు వేసినా అది ఆర్జీ-59 బాపతు. తొడుగు వ్యాసం తేడాగా ఉండటానికి జాలీ పొరలే కారణం. రేకు, జాలీ ఒక్కొక్క పొర ఉన్న మామూలు కేబుల్ కంటే, మీద మరో రేకు చుట్టిన మూడు పొరల కేబుల్, రెండేసి పొరలున్న నాలుగు పొరల కేబుల్ క్రమంగా లావెక్కుతాయి. నాలుగు పొరల కేబుల్ కొనకండి. ఇంటి డిష్‌కు దాని అవసరం లేదు, ఒలవడం రెట్టింపు పని, కనెక్టరు తోయడానికి అరచేతులు బొబ్బలెక్కుతాయి.

కనెక్టర్లను పదుల లెక్కన కాక ముందు కొద్దిగా తెప్పించి, ఒకటి తుంట మీద బిగించి, కేబుల్‌ను ఒక చేత్తో, కనెక్టరును మరో చేత్తో పట్టుకుని బలంగా లాగి చూడండి. కదలకపోతే అదే కంపెనీవి మిగిలినవీ తెప్పించుకోండి. కంప్రెషన్ కనెక్టరు ఒకటి పది నుంచి ఇరవై రూపాయల మధ్య ఉంటుంది. అంతకన్నా చాలా చవకగా వచ్చేవి పలుచటి లోహంతో, లోపల రబ్బరు రింగు లేకుండా ఉంటాయి. రింగు లేని కంప్రెషన్ కనెక్టరును డాబా మీద వాడటంలో అర్థం లేదు.

సమాధానం: మల్టీమీటర్ మాస్టారు (వరంగల్)

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పేవాడిని. పనిముట్ల సంగతి అందరూ చెప్పేశారు కాబట్టి, వేసిన కనెక్టరు సరిగ్గా పడిందో లేదో ఖరీదైన మీటర్లు లేకుండా తేల్చుకునే విధానం, డాబా మీది కొసను కాపాడుకునే విధానం రాస్తాను.

అంతకు ముందు రాగి పూత తీగ గురించి ఒక మాట. అది నాసిరకం అన్న భయం మనలో ఎక్కువ. అధిక ఫ్రీక్వెన్సీలో కరెంటు తీగ పైపొరలోనే ప్రవహిస్తుంది. 1000 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ పొర మందం సుమారు 2 మైక్రాన్లే. కనుక సిగ్నల్ వరకు రాగి పూత తీగకూ, పూర్తి రాగి తీగకూ ఇంట్లో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఎల్‌ఎన్‌బీకి వెళ్ళే కరెంటు విషయంలో ఉక్కు తీగ నిరోధం ఎక్కువే గానీ, ఇరవై ముప్పై మీటర్ల పొడవుకు పోయే వోల్టేజీ ఒక వోల్టులోపే ఉంటుంది. అయస్కాంతం చూపితే అంటుకునే తీగను చూసి కంగారు పడి రెట్టింపు ధర పెట్టనక్కర్లేదు. ఆ పూత మీద గీత పడనివ్వకుండా చూసుకోండి. ఆ డబ్బును నల్లటి పాలీథిన్ తొడుగు ఉన్న కేబుల్ మీద పెట్టండి. తెల్లటి పీవీసీ తొడుగు మన ఎండలకు పగుళ్ళు తేలుతుంది.

ఆర్జీ-6 నూరు మీటర్లకు 1000 మెగాహెర్ట్జ్ వద్ద సుమారు 20 నుంచి 22 డెసిబెల్స్ (సిగ్నల్ బలాన్ని లెక్కించే కొలత) తగ్గిస్తుంది. మీ ఇంటి పొడవుకు ఆ ఫ్రీక్వెన్సీ వద్ద అది ఆరేడు డెసిబెల్స్ మించదు. ఎల్‌ఎన్‌బీ తానే 50 డెసిబెల్స్‌కు పైగా పెంచి పంపుతుంది కాబట్టి ఆ నష్టం లెక్కలోనిది కాదు. చినుకు పడగానే బొమ్మ పోతోందంటే తప్పు కేబుల్ పొడవులో ఉండదు. కొసలో గానీ, డిష్ దిశలో గానీ ఉంటుంది. భారీ వానకు ఎవరి బొమ్మ అయినా పోతుంది, అది వేరు సంగతి.

పరీక్ష ఇలా చేయండి. కేబుల్ రెండు కొసలూ విప్పి, మీటరును బజర్ మీద పెట్టి, ఒక కొసలో మధ్య తీగకూ నట్టుకూ ముట్టించండి. మోగకూడదు. మోగితే ఏదో ఒక కొసలో జాలీ పోగు తీగను తాకుతున్నట్టే. ఆ తర్వాత అవతలి కొసలో మధ్య తీగనూ నట్టునూ చిన్న తీగ ముక్కతో కలిపి, ఇవతల మళ్ళీ చూడండి. ఇప్పుడు మోగాలి. మోగుతుండగానే కొసను మెల్లగా అటూ ఇటూ వంచండి. శబ్దం తెగితే కనెక్టరు జాలీని సరిగ్గా పట్టుకోలేదు. ఇవి రెండూ సరిపోతే కలిపిన తీగ ముక్క తీసేసి, బాక్సు ఆపి ఉండగానే ఇంట్లో కొస బిగించి, ఆపైన బాక్సు వేసి, డాబా మీది కొసలో వోల్టేజీ కొలవండి. 13 వోల్టులో 18 వోల్టులో కనిపించాలి. మీటరు మొనలు జారి ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. కొలిచాక బాక్సు ఆపి గానీ ఎల్‌ఎన్‌బీకి బిగించవద్దు.

బిగించేటప్పుడు నట్టును వేళ్ళతో చివరిదాకా తిప్పి, 11 మిల్లీమీటర్ల స్పానరుతో పావు చుట్టు వేస్తే చాలు. ఈ చిన్న స్పానరును కూడా మీ పనిముట్ల జాబితాలో చేర్చుకోండి. కటింగ్ ప్లేయరుతో తిప్పితే నట్టు పలకలు అరిగిపోతాయి. సెట్‌టాప్ బాక్సు వైపు మాత్రం స్పానరు వాడకండి. లోపలి సాకెట్టు సర్క్యూట్ బోర్డు మీదే అతికించి ఉంటుంది, వేళ్ళ బిగువు సరిపోతుంది.

కంప్రెషన్ కనెక్టరు కేబుల్ వైపు నుంచి నీటిని ఆపుతుంది గానీ, నట్టుకూ ఎల్‌ఎన్‌బీ మరకూ మధ్య దారి తెరిచే ఉంటుంది. ఆ దారి మూయడానికి మామూలు నల్ల ఇన్సులేషన్ టేపు పనికిరాదు. ఎండకు జిగురు కారి, నాలుగు నెలల్లో జారిపోతుంది. సాగదీసి చుడితే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు వేరే ఉంది, ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరుకుతుంది. దాన్ని రెట్టింపు పొడవు అయ్యేలా సాగదీస్తూ, కేబుల్ వైపు కింది నుంచి మొదలుపెట్టి పైకి చుట్టండి. ఇంటి పైకప్పు పెంకుల్లాగా పై చుట్టు కింది చుట్టు మీద పడి నీరు జారిపోతుంది. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ పేస్టును మాత్రం పూయకండి. ఆరేటప్పుడు వెలువడే ఆమ్లం రాగిని తినేస్తుంది. ఎం-సీల్ పెట్టేవారూ ఉన్నారు. అది నీటిని ఆపుతుంది సరే, రేపు ఎల్‌ఎన్‌బీ మార్చాల్సి వస్తే సుత్తి పట్టాలి.

టేపు చుట్టాక కేబుల్‌ను ఎల్‌ఎన్‌బీ కింద అరచేయంత వంపు వేలాడేలా వదిలి డిష్ చేతికి టై కట్టండి. కేబుల్ మీదుగా జారే నీరు ఆ వంపు అడుగున బొట్లు బొట్లుగా రాలుతుంది తప్ప కొస దాకా రాదు. గోడలోంచి గదిలోకి కేబుల్ దూరే చోట కూడా రంధ్రం బయటి వైపుకు కాస్త ఏటవాలుగా ఉండేలా వేసి, అక్కడా అలాంటి వంపే వదలండి. టై మరీ బిగించి కేబుల్ నలగనివ్వకండి. ఫోమ్ అణిగితే కేబుల్ లక్షణమే మారుతుంది.

సమాధానం: కేబుల్ పాతకాపు (ఖమ్మం)

మాస్టారు గారు టేపు గురించి చెప్పింది అక్షరాలా నిజం. దానికి తోడు మా వైపు కోతుల బెడద కూడా ఉంది. డాబా మీద వేలాడే కేబుల్ కనబడితే అవి ఊయలూగుతాయి. మీ ఊళ్ళో కూడా ఉంటే ఆ వంపును మరీ పెద్దది చేయకుండా, మిగిలిన కేబుల్‌ను అడుగుకొక క్లిప్పు చొప్పున గోడకు కొట్టేయండి.

కోఠీ కస్టమర్ గారి లెక్కను కూడా కాదనను. గదుల్లోని కొసలకు తిప్పే కనెక్టరు చాలు. కాకపోతే టూల్ ఎలాగూ చేతికొచ్చాక నాలుగు కొసలూ ఒకే రకంగా వేసుకోవడం మంచిది. స్ట్రిప్పర్‌ను ఒకసారి సర్దుకున్నాక ఒక్కో కొసకు పట్టేది రెండు నిమిషాలే. సెట్టుగా వచ్చేదానికన్నా విడివిడిగా కొనడం మేలని నా సలహా. సెట్టులో టూల్ ఫర్వాలేదనిపించినా అందులోని కనెక్టర్లు ఏ కొలతవో ఎక్కడా రాసి ఉండదు, స్ట్రిప్పర్‌కు అలెన్ కీ ఉండదు. మూడు రకాల కనెక్టర్లకూ పనికొచ్చే టూల్ ఒకటి, మరలున్న స్ట్రిప్పర్ ఒకటి, రబ్బరు రింగున్న కనెక్టర్లు పన్నెండు, రబ్బరు టేపు ఒక చుట్ట తీసుకున్నా మొత్తం మీరు అనుకున్న వెయ్యి రూపాయలకు అటూ ఇటూగానే తేలుతుంది. స్ట్రిప్పర్ బ్లేడు మొద్దుబారితే జాలీ తీగలు తెగకుండా సాగి కుచ్చులాగా వస్తాయి. అప్పుడు బ్లేడుల దిమ్మ ఒక్కటీ విడిగా దొరికితే మార్చుకోండి, దొరకకపోతే స్ట్రిప్పరే కొత్తది తీసుకోండి. ఆ ధరకు పదును పెట్టించే ప్రయాస అనవసరం.